పన్నెండెకరాల చేనులో రెండో బ్రూచి

ప్రతి ఏడూ బార్లీ కోత అయిన మర్నాడు ఏవిస్ లార్టర్ నిమ్మకాయ కేక్ చేసి పట్టుకెళ్ళి గేజ్ వాళ్ళ వెనక తలుపు తట్టేది. క్లైవ్ గేజ్ తండ్రి ముప్పై ఏళ్ళ కిందట చెయ్యి కలిపి ఇచ్చిన మాట అది: కోతకీ దుక్కికీ మధ్య ఉన్న మూడు వారాలూ పన్నెండెకరాల చేను లార్టర్లది. మెటల్ డిటెక్టరుతో ఎంతసేపైనా వెతుక్కోవచ్చు. తవ్విన గుంట తవ్వినవాళ్ళే పూడ్చాలి. కాగితం లేదు, కేక్ ఉంది.

ఆ సోమవారం క్లైవ్ తలుపు తీసి, కేక్ అందుకుని, లోపలికి రమ్మనలేదు.

"మిసెస్ లార్టర్, మీకు ఉత్తరం రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను. చేను సోలార్ కంపెనీకి ఇచ్చేస్తున్నాను. నలభై ఏళ్ళకి."

"నలభయ్యా?" అంది ఏవిస్. ఆమెకి డెబ్భై మూడు.

"శుక్రవారం దాకా ఎవరైనా అభ్యంతరం చెప్పుకోవచ్చట. ఎవరు చెబుతారు? పాత వస్తువులేమైనా బయటపడిన నేలైతేనే కౌన్సిల్ ఆపుతుందట. కంపెనీవాళ్ళు పాత రికార్డులన్నీ తిరగేశారు. ఆ చేలో ఏనాడూ ఏమీ దొరకలేదని రాసుకున్నారు."

ఏవిస్ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ మాట అబద్ధమని ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. రెండో మనిషి డెస్మండ్, ఆమె భర్త. అతను పోయి నాలుగేళ్ళయింది.

మొదటి ఏడాదే ఆ చేలో వాళ్ళకి బంగారు పూత పూసిన బ్రూచి దొరికింది. బట్టకి గుచ్చుకునే నగ, చిన్న సాసరంత ఉంటుంది. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి సాక్సన్ జాతి ఆడవాళ్ళు అలాంటివి జతగా, రెండు భుజాల మీదా ఒక్కొక్కటి పెట్టుకునేవారు. జతలో ఒక్కటే దొరికిందంటే ఆ మట్టిలో సమాధి ఉండాలి, రెండోది ఇంకా అక్కడే ఉండాలి. మ్యూజియంలో నమోదు చేయించడానికి వెళ్తూ డెస్మండ్ దారిలో కారు ఆపాడు.

"చోటు చెబితే వారంలో దొంగలు వచ్చి చేనంతా కుళ్ళబొడుస్తారు. చాపెల్ అడవి పక్కన దొరికిందని చెబుదాం. అక్కడంతా పైన్ చెట్లే. గునపం దిగదు."

"అబద్ధం కదా, డెస్?"

"చేనుని కాపాడుకుంటున్నాం, పిచ్చిదానా."

అలా పాతికేళ్ళు. నలభై మూడు వస్తువులు. అన్నీ రెండు మైళ్ళ అవతలి అడవి పేరు మీద మ్యూజియం చిట్టాలో చేరాయి. డిటెక్టరు పట్టినవాళ్ళలో ఇది కొత్త తప్పేమీ కాదు. డిటెక్టరు క్లబ్బులో సగంమంది చేసిందే, పైకి అనరంతే.

మంగళవారం ఆమె బస్సెక్కి పట్నంలో మ్యూజియానికి వెళ్ళింది. దొరికినవాటిని నమోదు చేసే అమ్మాయి పేరు టామ్సిన్. ఏవిస్ కోటు విప్పకుండానే మొత్తం చెప్పేసింది. ఆ పిల్ల కోపపడితే బాగుండేది. కోపపడలేదు, పెన్ను కింద పెట్టింది.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. కానీ ఈ వారం ఉన్నట్టుండి చోటు మార్చి చెబితే కౌన్సిల్‌వాళ్ళు ఎందుకు నమ్ముతారు? అప్పట్లో అసలు చోటు ఎక్కడైనా రాసుకున్నారా?"

"రాసుకున్నాం. ఆయన ఆకుపచ్చ నోటుపుస్తకం. ప్రతి వస్తువుకీ అడుగులు లెక్కపెట్టి రాసేవాడు."

"అది చాలు! రేపు తీసుకురాగలరా?"

ఏవిస్ తన చేతులకేసి చూసుకుంది. "లేదమ్మా. ఆయన కోటు జేబులో పెట్టి పంపించేశాను. శవపెట్టె మూసేముందు నేనే పెట్టాను. ఏ రోజూ అది లేకుండా గుమ్మం దాటలేదు మరి. దహనంలో..." ఆమె అక్కడితో ఆపేసింది.

టామ్సిన్ లేచి ఆమెకి టీ తెచ్చింది.

"ఒక్కటి చెయ్యవచ్చు," అంది చివరికి. "ఇప్పుడు ఆ చేలో ఏదైనా తగిలితే తియ్యకండి. మట్టి జరిపి, కనబడగానే అలాగే వదిలేసి నాకు ఫోన్ చెయ్యండి. మట్టిలో ఉన్నదాన్ని ఉన్నట్టు నేను ఫోటో తీస్తే, దాన్ని ఎవరూ కాదనలేరు. తియ్యొద్దు, మిసెస్ లార్టర్."

"తియ్యను."

బుధవారం పొద్దున్నే ట్రెవర్ బన్ తన కొత్త డిటెక్టరు మిషనుతో వచ్చాడు. ఒకప్పుడు నలభైమంది ఉన్న క్లబ్బులో మిగిలిన ఆరుగురిలో అతనొకడు. ముప్పై ఏళ్ళుగా ఆమెని ఏడిపిస్తూనే ఉన్నాడు.

"ఇదిగో, ముసలిదానా, ఇది చూడు. భూమిలో ఉన్నదేమిటో తెర మీద బొమ్మే వేస్తుంది. వచ్చే ఏడాది వచ్చేది దానంతటదే నడుస్తుందట. మనం ఇంట్లో కూచుని అది ఏం తవ్విందో టీవీలో చూడటమే."

"మరి నువ్వెందుకు?"

"దాన్ని చార్జింగులో పెట్టడానికి."

ఏవిస్ నవ్వి తన మిషను ఆన్ చేసింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. మొదటి అడుగుకే అది కీచుమంది. రెండో అడుగుకీ, మూడో అడుగుకీ అంతే. వంగి చూస్తే కొయ్యకాళ్ళ మధ్య మట్టి నల్లగా మెరుస్తోంది. వసంతంలో క్లైవ్ చవగ్గా వచ్చిందని కంపోస్టు ఎరువు చల్లించాడు. ఊళ్ళ చెత్తలోంచి తయారైన ఎరువు. దాంతోపాటు నలిగిన డబ్బా రేకులు, మూతలు, వెండి కాగితం ముక్కలు, అన్నీ గోరంత గోరంత ముక్కలుగా పన్నెండెకరాల నిండా పరుచుకున్నాయి.

"సాక్సన్ రాజు బీరు తాగేవాడన్నమాట," అన్నాడు ట్రెవర్, ఒక ముక్క ఎత్తి చూపిస్తూ. "అదీ డబ్బాలో."

ఆమె పార తీసి మొదటి గుంట తవ్వింది. అతను మళ్ళీ జోకు వెయ్యలేదు.

సాయంత్రందాకా తవ్వారు. గుంట తవ్వడం, రేకు ముక్క తియ్యడం, గుంట పూడ్చడం. రెండు వందల దాకా ట్రెవర్ లెక్కపెట్టాడు, తర్వాత మానేశాడు. ఆ ఒక్క చేనే కాదు. చర్చి వెనక చేలో పోయినేడే సోలార్ పలకలు పాతేశారు, వాగు పక్క పొలానికీ ఇదే ఎరువు. ఏవిస్ అటూ ఇటూ నడుస్తూ ఊళ్ళో ఒక్కొక్క చేనునీ తలుచుకుంది. ఒక్కొక్కటీ ఎప్పుడు చేజారిందో గుర్తు చేసుకుంది. ఏ చేనుకీ వెళ్ళొస్తానని చెప్పలేదు. ఆ మాట డెస్మండ్‌కీ చెప్పలేదు. అతను పోయిన పొద్దున ఆమె ఆసుపత్రి నుంచి బట్టలు ఉతకడానికి ఇంటికి వచ్చింది.

గురువారం మూడింటికి, చేను మధ్యలో ఉన్న చిన్న మెరక దగ్గర, కీచుమనే చప్పుళ్ళన్నిటి కిందా వేరే స్వరం వినబడింది. మెత్తగా, గుండ్రంగా ఉంది. ఏవిస్ మోకాళ్ళ మీద కూచుంది. కంపోస్టు తోసేసి, కింది ఎర్రమట్టిలో చిన్న పారతో ఒక పెళ్ళ ఎత్తింది. జానెడు లోతున ఒక అంచు కనబడింది. పచ్చటి చిలుము, దాని పక్కన సన్నటి పసుపు మెరుపు.

తర్వాత ఏం జరిగిందో ఆమె ఎన్నిసార్లు తలుచుకున్నా ఒకటే గుర్తు. మనసు ఇంకా "ఆగు" అంటోంది. చెయ్యి అప్పటికే వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే చేసింది. వేళ్ళు కిందనుంచి దూరాయి, ఎత్తాయి, బొటనవేలు మట్టిని తుడిచింది. చిన్న సాసరంత బ్రూచి. మధ్యలో మొదటిదాని మీదున్న ఐదు మెలికలే. జతలోది. రెండో భుజం మీదిది.

"అయ్యో," అంది ఏవిస్.

ట్రెవర్ చేను అవతలి చివర, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇటు వీపు తిప్పి నడుస్తున్నాడు. ఏమీ చూడలేదు.

ఫోన్ చేసిన గంటలో టామ్సిన్ వచ్చింది. కారు దిగి, బూట్లు మార్చుకుని, కెమెరాతో పరుగున వచ్చి, ఏవిస్ అరచేతిలో ఉన్నది చూసి ఆగిపోయింది.

"తీసేశారా?"

"తెలియకుండా... చెయ్యి దానంతటదే..."

టామ్సిన్ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమో బాధో ఏవిస్‌కి తెలియలేదు.

"ఖచ్చితంగా జతే. ఆ మెలికలు అవే," అంది. తర్వాత నెమ్మదిగా, "దీని జత చాపెల్ అడవిలో దొరికిందని ముప్పై ఏళ్ళుగా రాసి ఉంది. మొన్న మీరే వచ్చి అది అబద్ధమన్నారు. ఈరోజు గడువుకి ఒక్కరోజు ముందు ఇది మీ చేతిలో ఉంది. కంపెనీ లాయరు ఏమంటాడో మీకు చెప్పక్కర్లేదు."

"ఇంట్లో దాచుకుని తెచ్చి పెట్టానంటాడు."

"అవును."

"నువ్వేమంటావు?"

"నేను నమ్ముతాను. నివేదికలో రాస్తాను కూడా. కానీ ఆ నమ్మకంతో పని జరగదు, మిసెస్ లార్టర్. సమాధి కోసం తవ్వాలంటే అనుమతికే నెలలు పడుతుంది. నన్ను క్షమించండి."

ట్రెవర్ ఎప్పుడొచ్చాడో వచ్చి పక్కన నిలబడ్డాడు. "నేను చూశానని చెబుతాను," అన్నాడు గట్టిగా.

"చూడలేదుగా, ట్రెవర్," అంది ఏవిస్.

"అయితే ఏం?"

"వద్దు," అందామె. "ఆడిన అబద్ధాలు ఇప్పటికే చాలు."

టామ్సిన్ బ్రూచిని చిన్న సంచిలో వేసి, చీటీ మీద రాసింది. చోటు అని ఉన్నచోట పెన్ను ఆగింది. తర్వాత "చెప్పినవారి మాట ప్రకారం" అని రాసి, పన్నెండెకరాల పేరు దాని కింద చేర్చింది. సంచి జేబులో పెట్టుకుని కారు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి చూసింది. ఏవిస్ చెయ్యి ఊపింది. ఆ జత మ్యూజియంలో ఒకే అరలో కలుస్తుంది. దాన్ని పెట్టుకున్న ఆడమనిషి ఎముకలు మాత్రం ఇక్కడే ఉంటాయి, వచ్చే వసంతంలో ఇనప స్తంభాల కింద.

"పద, ఇంటి దగ్గర దింపుతాను," అన్నాడు ట్రెవర్.

"గుంట పూడ్చాలి."

"ఎలాగూ ఇంకొన్ని నెలల్లో ఇక్కడికి బుల్‌డోజర్లు వస్తాయి, ఏవిస్."

ఆమె వినలేదు. మోకాళ్ళ మీద కూచుని ముందు ఎర్రమట్టి వేసింది, పైన నల్లమట్టి వేసింది, రేకు ముక్కలతో సహా. లేచి బూటుతో రెండుసార్లు తొక్కింది. కొయ్యకాళ్ళని వేళ్ళతో నిలబెట్టింది. ఇక్కడ ఎవరో తవ్వారని ఎవరికీ తెలియకూడదు. డెస్మండ్ ఆమెకి మొట్టమొదట నేర్పిన పద్ధతి అది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

నిజంగానే ఏమీ తెలియడం లేదు.