రెండో క్యాసెట్

శనివారం మధ్యాహ్నం మందుల షాపులో దగ్గు మందు సీసాలు సర్దుకుంటూ ఉంటే మా మామయ్య ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ చేస్తే ముందు నా ఆరోగ్యం, తర్వాత తన ఆరోగ్యం, ఆ తర్వాత టీవీలు బాగుచేసేవాళ్ళకి విలువ లేకుండా పోయిన కాలం గురించి కాసేపు, చిట్టచివర అసలు సంగతి వస్తుంది. ఆ రోజు వరస తిరగబడింది.

“రేపు భోజనాల వేళకి వచ్చెయ్. నా పరువు గోడమీద పిల్లిలా కూర్చుంది. ఎటు దూకుతుందో తెలీడం లేదు” అన్నాడు.

ఏమైందని ఎంత అడిగినా చెప్పలేదు. జడ్జిగారు పక్కనే ఉన్నారని గొంతు తగ్గించాడు. జడ్జిగారంటే ఆయన మనవరాలు. తొమ్మిదేళ్ళుంటాయి. ఇంట్లో ఎవరేం చెప్పినా “నువ్వు చూశావా?” అని అడుగుతుంది కనక ఆ బిరుదు వచ్చింది.

ఆదివారం వెళ్ళేసరికి మామయ్య కుడికంటికి నల్లద్దం పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండు వారాల కిందట ఆ కంటికి శుక్లం తీశారు. ఎడమకంటి వంతు ఇంకా రాలేదు. జడ్జిగారిని మేడమీదకి బొమ్మలు వేసుకోమని పంపించి, తలుపు దగ్గరికి వేసి, అప్పుడు విప్పాడు గుట్టు.

బళ్ళో ప్రతి సోమవారం ఒక పిల్ల ఇంట్లోంచి పెద్దవాళ్ళెవరో ఒకరు వచ్చి తమకి వచ్చిన విద్యేదో చూపించాలట. ఒకరి నానమ్మ బుట్ట అల్లి చూపించిందట. ఈసారి వంతు జడ్జిగారిది. కాగితం మీద రాసి టీచరుకి ఇచ్చేసింది: మా తాతయ్యకి విదేశీ భాష వచ్చు, ఆ భాషలో ఉన్న బొమ్మల సినిమా చూపిస్తూ మనకి తెలుగులో చెప్తారు, అని. టీచరు ముచ్చటపడి ఆ సినిమా ఇంటర్నెట్లో వెతికి పట్టుకుంది. ఇప్పుడది అడుగున తెలుగు అక్షరాలతో సహా దొరుకుతోంది.

“అక్షరాలతో సహా” అని మామయ్య రెండోసారి అన్నాడు, డాక్టరు చెప్పిన జబ్బు పేరు అన్నట్టు.

“అయితే మంచిదేగా, నీ పని తేలిక” అన్నాను.

ఆయన నాకేసి చూశాడు. కిటికీకేసి చూశాడు. “నాకు ఆ భాష రాదే” అన్నాడు.

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వచ్చింది. “ఆయనకి నాతో మాట్లాడ్డానికి తెలుగే సరిగ్గా రాదు. నలభై ఏళ్ళుగా ఈ మాట ఎవరైనా నన్ను అడిగితేగా.”

నేను నవ్వలేదు. నవ్వు రాక కాదు, లెక్క సరిచూసుకుంటున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ నర్సు శిక్షణకని ఏడాదిపాటు వేరే ఊరు వెళ్ళింది. నాన్నది లారీ ఉద్యోగం, ఇవాళ ఇక్కడ, రేపు ఎక్కడో. నన్ను మామయ్య ఇంట్లో దింపారు. వీధివైపు గదిలోనే ఆయన షాపు. ఎప్పుడూ కాలిన సీసం వాసన, గోడ పొడుగునా వీపులు విప్పిన టీవీలు. బాగుచేసిన టీవీని రెండు గంటలు ఆపకుండా నడిపి చూస్తేగాని మామయ్య ఇచ్చేవాడు కాదు. అలా నడపడానికి ఆయన దగ్గరున్నది ఒకటే క్యాసెట్. ఎవరో వీడియో యంత్రం బాగుచేయించుకుని పోతూ అందులో ఇరుక్కుంటే పైకి తీసిన క్యాసెట్ సంగతి మరిచిపోయారు. అది ఎక్కడిదో ఏ దేశపుదో బొమ్మల సినిమా. రెక్క దెబ్బతిన్న ఒక అడవి బాతుపిల్లని ఒక ముసలి గాడిద వీపు మీద ఎక్కించుకుని మంచు దాటించి దక్షిణానికి తీసుకెళ్తుంది. వెనకాలే ఒక తోడేలు.

ఆదివారం వచ్చిందంటే వీధిలో పిల్లలంతా ఆ షాపు నేలమీద ఉండేవాళ్ళం. టీవీలు మారేవి, సినిమా మారేది కాదు. బాగా కుదిరిన టీవీలో బాతు తెల్లగా ఉండేది, కుదరని టీవీలో ఆకుపచ్చగా ఉండేది. ఒక వారం గాడిదకి తల లేదు. మామయ్య చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని పక్కనే నిలబడి, ఎవరు నోరు తెరిస్తే వాళ్ళ మాట తెలుగులో చెప్పేవాడు. కుర్రతనంలో నాలుగు నెలలు ఓడరేవులో పనిచేశాడు. ఆ భాష అక్కడే పట్టుబడిందనేవాడు. మేము నమ్మాం. నాలుగు నెలల్లో మాకు ఎక్కాలే రాలేదు, ఈయనకి భాష వచ్చిందంటే ఎంత గొప్పవాడో అనుకున్నాం.

“సరే, ఇప్పుడేం చెయ్యాలి?” అన్నాను.

“ఆ అక్షరాలు నాకు ఆనవు. నువ్వు చదివి వినిపించు. డాక్టర్ల రాతలే చదివేదానివి, అచ్చు అక్షరాలు ఎంత? నేను బట్టీపట్టి రేపు ఉన్నదున్నట్టు చెప్పేస్తా. జడ్జిగారి దగ్గర మాట దక్కుతుంది. దాని కళ్ళముందు నేను అబద్ధాలకోరునని తేలితే ఇక ఈ ఇంట్లో నా మొహం ఎవరికి చూపించను?”

“నాకు చూపించు. అలవాటే” అంది అత్తయ్య.

నా ఫోన్ పెద్ద టీవీకి తగిలించి సినిమా మొదలుపెట్టాను. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత చూడ్డం. మొదటి దెబ్బ అక్కడే తగిలింది. బాతు తెల్లగా లేదు, ఆకుపచ్చగానూ లేదు. బూడిద రంగు. ఏ ఆదివారమూ దాని సొంత రంగులో మేము దాన్ని చూడలేదన్నమాట.

గుడ్లగూబ వచ్చి కొమ్మ మీద కూర్చుంది. అడుగున అక్షరాలు చదివాను: “ఉత్తరాన మంచు కరుగుతోంది, తొందరపడండి.”

మామయ్య మొహం తిప్పుకున్నాడు.

“నువ్వేం చెప్పేవాడివో గుర్తుందా?” అన్నాను. “టీవీ వెనక్కి ఎవరూ వెళ్ళకండి, వైర్లు ముట్టుకోకండి, షాకు కొడుతుంది, అన్నావు. అడవిలో గుడ్లగూబకి కరెంటు సంగతి ఎందుకని నేనొకసారి అడిగితే, అది చదువుకున్న పక్షి అన్నావు.”

“ఒక్క పిల్లకైనా షాకు కొట్టిందా?” అన్నాడు మామయ్య.

బాతుపిల్ల పాట వచ్చింది. అది దక్షిణాన ఉన్న వెచ్చటి సరస్సు గురించి. మాకు తెలిసిన అర్థం వేరు: కాళ్ళు కడుక్కుని లోపలికి రండి, చెప్పులు బయట వరసగా పెట్టండి. ఆ పాట అర్థం తల్చుకుని నేను ఇప్పటికీ షాపు ముందు చెప్పులు వరసగా విడుస్తాను.

తర్వాత తోడేలు. చెట్టు చాటునుంచి మెడ చాచి ఏదో అంది. చదివాను: “ఇవాళ మీ ఇద్దర్నీ తినకుండా వదలను.”

“అంతమాట అందా?” అన్నాడు మామయ్య, నిజంగానే నొచ్చుకుని.

మా తోడేలు ఆ మాట అనలేదు. మా తోడేలు బాతుపిల్లకి మేనమామ. “చలిగా ఉందమ్మా, చెవులకి గుడ్డ కట్టుకో” అనేది. తోడేలు బాతుకి మేనమామ ఎలా అయ్యిందని ఎవరో అడిగితే, పెళ్ళిళ్ళ దగ్గర చుట్టరికాలు ఎటెటో కలుస్తాయి, పెద్దయ్యాక మీకే తెలుస్తుంది అన్నాడు. పెద్దయ్యాక మా ఇంట్లో పెళ్ళిళ్ళు చూశాను, ఆ మాట మాత్రం అబద్ధం కాదు. చివర్లో మంచు పగిలి తోడేలు నదిలో పడి మునిగిపోతుంది. మాకేమో అది స్నానానికి దిగింది.

ఇన్ని వింతల మధ్య నా చూపు మాత్రం గాడిద మీదే ఉంది. చిన్నప్పుడు నేను బాతుపిల్లని. ఎంత మెల్లిగా నడుస్తావే గాడిదా అని టీవీ మీదకి అరిచేదాన్ని. ఇప్పుడు రోజుకి పదిగంటలు కౌంటరు వెనక నిలబడే మనిషిని. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ గాడిద కుడి మోకాలు ముందు పెట్టి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఎడమది తెస్తోంది. బొమ్మ గీసినవాడెవడో వాడికి మోకాళ్ళ నొప్పి ఉండి ఉంటుంది.

“ఆ పిల్ల పాటలు పాడకపోతే ఏం, దెబ్బ రెక్కకి గాని కాళ్ళకి కాదుగా, దిగి నడవొచ్చుగా” అన్నాను.

“బొమ్మల సినిమాలో కూడా మోకాళ్ళే కనబడుతున్నాయంటే నీకు వయసొచ్చేసిందే కోడలుపిల్లా” అన్నాడు మామయ్య.

చివరికొచ్చింది. సరస్సు. బాతుపిల్ల రెక్క బాగుపడింది. తన గుంపు కనబడింది. ఒడ్డున గాడిద నిలబడి ఉంది. బాతుపిల్ల వెనక్కి తిరిగి ఒక్క మాట అని ఎగిరిపోయింది. అక్షరాలు వచ్చాయి. నేను చదవలేదు.

“ఏమందీ?”

“మళ్ళీ వస్తానంది” అన్నాను.

“ఇన్నేళ్ళు మందులమ్మావు, చేదుమందు తియ్యగా ఉంటుందని చెప్పడం రాలేదే నీకు. చదువు.”

చదివాను: “నేనిక ఎప్పటికీ రాను. నన్ను మరిచిపో.”

మామయ్య తలాడించాడు, తెలిసిన సంగతే విన్నట్టు. భాష రాకపోతేనేం, ఆ గాడిద మొహం చూస్తే తెలియడం లేదా, అని మెల్లిగా చెప్పాడు. మొదటిసారి ఆ క్యాసెట్ వేసిన ఆదివారానికి మా అమ్మ బస్సెక్కి వారమైందట. నేను నేలమీద కూర్చుని, బాతు మళ్ళీ వస్తుందా మామయ్యా అని అడిగానట. ఆ అడగడం నాకు గుర్తు లేదు. ఆయన చెప్పిన జవాబు మాత్రం గుర్తుంది: వస్తుంది, అదంతా రెండో క్యాసెట్‌లో ఉంది, వచ్చే వారం తెప్పిస్తాను.

ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం మేము రెండో క్యాసెట్ ఏదని అడిగేవాళ్ళం. దారిలో ఉందనేవాడు. వానలకి ఆగిందనేవాడు. ఒకసారి పోస్టుమాన్‌కి కాలు బెణికిందన్నాడు, పాపం నిజం పోస్టుమాన్ ఎదురింటి ముందు కులాసాగా నడుస్తుంటే. చివరికి ఆ క్యాసెట్ కంటే ముందు మా అమ్మే వచ్చేసింది, నేను దాని సంగతి అడగడం మానేశాను.

“అంటే రెండో క్యాసెట్ లేదా?”

ఆ గొంతు మా ఇద్దరిదీ కాదు. తలుపు దగ్గర జడ్జిగారు, చేతిలో రంగు పెన్సిలు. ఎంతసేపైందో నిలబడి. ఆ కథ మామయ్య ఆ పిల్లకి కూడా నిద్రపుచ్చుతూ చెప్పాడు, మేనమామ తోడేలుతో, రెండో క్యాసెట్‌తో సహా.

“తాతయ్యా, నీకు ఆ భాష రాదా?”

మామయ్య కుర్చీలో సర్దుకున్నాడు. “రాదమ్మా.”

“ఒక్క ముక్క కూడా?”

“ఓడరేవులో ఒక మాట నేర్చుకున్నా. అది బళ్ళో చెప్పే మాట కాదు.”

వంటింట్లో అత్తయ్య నవ్విన చప్పుడు వినిపించింది. జడ్జిగారు నవ్వలేదు. మేడమీదకి వెళ్ళిపోయింది. భోజనానికి పిలిస్తే కిందికొచ్చి, కంచంలోకే చూస్తూ తిని, తాతయ్య పక్క కుర్చీ వదిలేసి నా పక్కన కూర్చుంది. నేను ఏదో సర్దిచెప్పబోతే, “పెద్దమ్మా, నువ్వు ఆయన పార్టీ” అంది. మామయ్య అన్నం కెలుకుతూ, నల్లద్దం పక్కనుంచి మనవరాలికేసి చూస్తూనే ఉన్నాడు. రేపు ఒంట్లో బాగాలేదని కబురు పంపుదామా అని నన్ను చెవిలో అడిగాడు. కన్ను చూపిస్తే నమ్ముతారట.

సోమవారం పొద్దున, మామయ్యని బడికి చెయ్యిపట్టి తీసుకెళ్ళాలి కనక, షాపు ఆలస్యంగా తెరుస్తానని చెప్పి వెళ్ళాను. జడ్జిగారు గుమ్మంలో తయారుగా ఉంది. చంకలో చుట్టచుట్టిన నల్ల అట్టముక్క, చేతికి గాజులా తగిలించుకున్న అంటించే టేపు.

“టీవీ వెడల్పు టీచరుని ఫోన్‌లో అడిగా. సరిగ్గా కత్తిరించా. అడుగున అంటిస్తే అక్షరాలు కనబడవు” అంది, తాతయ్యతో కాదు, నాతో. తర్వాత ఆయనవైపు తిరిగింది. “నువ్వు ముందు మాత్రం నిజం చెప్పాలి. అందరికీ. ఆ తర్వాతే కథ.”

“చెప్తానమ్మా” అన్నాడు మామయ్య. గుమ్మం దిగేటప్పుడు చెయ్యి నాకు కాదు, దానికిచ్చాడు.

బళ్ళో ముప్పై మంది పిల్లలు నేలమీద కూర్చున్నారు. జడ్జిగారు స్టూలెక్కి, టీవీ అడుగున నల్ల అట్ట అంటించి, వంకర వచ్చిందని పీకి మళ్ళీ అంటించింది. మామయ్య లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి పట్టుకున్నాడు.

“నాకు ఈ భాష రాదు. టీవీలు బాగుచేయడం వచ్చు. నాకు వచ్చని మీ స్నేహితురాలికి చెప్పింది నేనే, తప్పు నాది. ఇప్పుడు ఇందులో వాళ్ళేమంటున్నారో నాకు తోచింది చెప్తాను. వద్దంటే కూర్చుంటాను.”

ఎవరూ వద్దనలేదు. గుడ్లగూబ వచ్చి వైర్ల గురించి హెచ్చరించింది. టీచరు స్విచ్చుబోర్డు దగ్గరున్న ఇద్దర్ని ఇవతలికి జరిపింది. పాట రాగానే వెనక వరసలో ఒకడు తన చెప్పులు సరిగ్గా ఉన్నాయో లేదోనని వాకిట్లోకి తొంగిచూశాడు. మేనమామ తోడేలు చెవులకి గుడ్డ కట్టుకోమంటే, తోడేలు బాతుకి మేనమామ ఎలా అయిందని మాలాగే ఒక పిల్ల అడిగింది. మామయ్య అదే జవాబు చెప్పాడు. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఇంట్లోనూ పెళ్ళిళ్ళు అయ్యుంటాయి.

సరస్సు వచ్చింది. బాతు ఎగిరిపోయింది. గాడిద ఒడ్డున మిగిలింది.

“మళ్ళీ వస్తుందా?” అంది ముందు వరసలో ఒక పిల్ల.

 నిజం చెప్తానని మామయ్య మాటిచ్చాడు కదా. స్క్రూడ్రైవరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. జడ్జిగారికేసి చూశాడు. జడ్జిగారు లేచి నిలబడి, అడిగిన పిల్ల మొహం కాసేపు చూసింది.

“వస్తుంది” అంది. “అదంతా రెండో క్యాసెట్‌లో ఉంది.”

“ఎప్పుడు చూపిస్తారు?”

జడ్జిగారికి ఆ జవాబు తెలీదు. వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ పిల్లతో పాటు ముప్పై మందీ తిరిగి నన్నే చూశారు.

“వచ్చే వారం” అన్నాను.