రెండు కన్నాల్లోనూ వెలుగు

గాలివాన వెలిశాక మా ఇంట్లో ముందు గదులకే కరెంటు వచ్చింది. వంటింట్లో ఫ్రిజ్ పనిచేయడం లేదు. అందులో అమ్మ ఇన్సులిన్ ఉంది. గోడ అవతల తమ్ముడి వాటాలో మాత్రం అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. వాడే ఏదో చేశాడనుకున్నాను. ఇల్లు పంచుకున్నప్పటి నుంచి వాడి నిచ్చెన ఎటు జరిగితే నా కన్ను అటే.

ఎలక్ట్రీషియన్ ఫ్రిజ్ పక్కనున్న ప్లగ్గులో టెస్టరు పెట్టాడు. ఒక కన్నంలో వెలిగింది. వెలగకూడని రెండో కన్నంలోనూ వెలిగింది.

"చూశావా, మావాడు దొంగలైను లాగాడు," అన్నాను.

"కాదు బాబాయ్. కరెంటు వస్తోంది, తిరిగి పోయే దారే లేదు. న్యూట్రల్ వైరు ఊడింది."

"ఊడదీసిందెవరు?"

అతను మెయిన్ ఆపి, అటకెక్కి, ఊడిన ఆ నల్లవైరు కొస చూపించాడు. దానికి పార్సిళ్లకు వేసే టేపు వేలాడుతోంది.

"ఈ అతుకు వేసిన మహానుభావుడెవరు?"

నేనే. పంపకాలప్పుడు వచ్చిన పనివాడు తమ్ముడి స్నేహితుడని గుమ్మం తొక్కనివ్వలేదు.

"కొత్త వైరు వెయ్యాలి. సాయంత్రం అవుతుంది," అన్నాడతను.

"అందాకా నా మందు చిన్నాడి ఫ్రిజ్‌లో పెట్టిరా," అంది అమ్మ.

డబ్బా తీసుకెళ్లాను. తమ్ముడు ఒక్క మాటా అడగకుండా అందుకున్నాడు. అదే నాకు నచ్చలేదు.

"రెండు సీసాలున్నాయి," అన్నాను.

"కుర్చీ వేస్తాను అన్నయ్యా, కాపలా కూర్చో," అన్నాడు.

కూర్చున్నాను.