స్టెప్నీ కింద నాలుగు వస్తువులు

స్టెప్నీ టైరు కింద, పాత తువ్వాలులో చుట్టి, ముప్పై ఎనిమిది రోజుల ప్రయాణంలో సుసన్న ఒకదాని తర్వాత ఒకటిగా పోగొట్టుకున్న నాలుగు వస్తువులూ భద్రంగా ఉన్నాయి.

కళ్లద్దాలు. చేతిగడియారం. బీరువా తాళంచెవి. ఫోను.

డిక్కీ మూత ఒక చేత్తో పట్టుకొని సుసన్న వాటిని మళ్లీ లెక్కపెట్టింది. మధ్యాహ్నపు ఎండ ఇబ్రహీంపట్నం మీద మండుతోంది. సాగర్ రోడ్డు మీద లారీల హారన్లు వినిపిస్తున్నాయి. లోపల హాల్లో ఫ్యాను కింద కాళ్లు చాపుకొని, వరంగల్‌లో ఉండే కూతురు అంకితతో భర్త రత్నాకర్ ఫోన్లో టూరు ముచ్చట్లు చెబుతున్నాడు.

నిజానికి సామాను దించడం అయిపోయింది. కానీ ముప్పై మూడేళ్లు నర్సుగా కాన్పులు చేసిన మనిషికి ఒక అలవాటుంటుంది. కాన్పుకు ముందు గాజుగుడ్డ ముక్కలు ఎన్ని, తర్వాత ఎన్ని అన్నది సరిపోయేదాకా బల్ల దగ్గర్నుంచి కదలదు. ఒక్క ముక్క తక్కువైనా బకెట్లో వెతుకుతుంది, నేల మీద వెతుకుతుంది. ఇవాళ దించిన వంటసామానులో పట్టకారు తక్కువైంది. దాని కోసమే డిక్కీలో పరిచిన పట్టా లేపి, స్టెప్నీ ఎత్తి చూసింది.

వంటసామాను ఎందుకంటే, రత్నాకర్‌కు బయటి తిండి పడదు. "ముప్పై మూడేండ్లు కష్టపడ్డవ్, ఇగ రాణి లెక్క తిప్పుత" అని బయల్దేరదీసిన మనిషి, చిన్న పొయ్యి, కుక్కరు, పోపుల డబ్బా ముందే కారెక్కించాడు. ఊటీ లాడ్జిలో కిటికీ తెరిచి, వాసన బయటికి పోకుండా తువ్వాలు అడ్డం పెట్టి ఆమె పప్పు వండింది. మైసూరులో అతను ప్యాలెస్ ముందు ఫొటోలు దిగుతుంటే, గదిలో అతని బనియన్లు పిండింది. అదేమీ కొత్త కాదు. భయం కొత్త.

హంపిలో కళ్లద్దాలు పోయినప్పుడు నవ్వింది. మైసూరులో గడియారం పోయినప్పుడు నవ్వలేదు. కన్యాకుమారిలో తాళంచెవి కనబడక సంచులన్నీ మంచం మీద బోర్లిస్తుంటే, రత్నాకర్ తలుపు దగ్గర నిలబడి మెల్లగా అన్నాడు, "మీ అమ్మ లెక్కనే అయితున్నవ్ సుసన్నా."

అమ్మ చివరి మూడేళ్లు ఈ ఇంట్లోనే ఉంది. డ్యూటీ నుంచి వచ్చి, వండి, అమ్మకు నీళ్లు పోసి, మంచం దులిపితే దిండు కింద ఉప్పు డబ్బా దొరికేది. ఒకరోజు ముద్ద నోట్లో పెడుతుంటే అమ్మ ఎంతో మర్యాదగా, "నువ్వెవరి బిడ్డవమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న సుసన్న ఎప్పుడూ మర్చిపోలేదు. కన్యాకుమారి తర్వాత రోడ్డు పొడవునా రత్నాకర్ చెయ్యి వదలకుండా కూర్చుంది. వేలాంగణి చర్చిలో మోకాళ్ల మీద కూర్చొని, అంకిత పేరు మాత్రం మర్చిపోనియ్యకు ప్రభువా అని వేడుకుంది. లేచి చూసుకుంటే పక్కన పెట్టిన ఫోను లేదు.

ఈ పొద్దున కర్నూలు దగ్గర టీ తాగుతూ ఆమె ఓడిపోయింది. పక్కనే ఉన్న శేరిగూడలో ఒక ఇంజినీరింగు కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వైద్యగది చూసుకొమ్మని సుసన్న రిటైరైన రోజే వార్డెన్ మనోజ అడిగింది. సోమవారం చేరాలి. ఇల్లు కాని చోట ఒక గది, ఒక కుర్చీ, తన పేరు. "వద్దని చెప్పేస్త. ఒక మందు బదులు ఇంకోటిస్తే పిల్లలేం గావాలె?" అంది. "మంచి మాట" అన్నాడు రత్నాకర్. ఆ తర్వాత ఇంటిదాకా ఈల వేస్తూనే ఉన్నాడు.

డిక్కీ ముందు నిలబడి ఇప్పుడు అర్థమైంది, తన బుర్ర బాగానే ఉంది; దాచింది రత్నాకర్. ఆ సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. దాని వెనకే ఇంకో భయం, చల్లగా, వీపు మీద పాకింది. రోజూ రాత్రి బీపీ గోలీ అతనే ఇచ్చేవాడు, నువ్వు మర్చిపోతవని.

సంచి తెరిచి గోలీల అట్టలు తీసింది. పేరు చూసింది. ఖాళీ గుంతలు లెక్కపెట్టింది. ముప్పై ఏడు రాత్రులకు ముప్పై ఏడు. అవే గోలీలు. అట్టలు మళ్లీ సంచిలో పెట్టింది. ముప్పై నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి చేత్తో ఇచ్చిన గోలీలను ఇలా దొంగచాటుగా లెక్కపెట్టుకోవలసిన ఆడది, ఇంకేం లెక్కపెట్టకుండా వదిలేసిందో!

వంటింట్లో ఫోను ఛార్జింగుకు పెట్టింది. హాల్లోంచి అతని గొంతు వినబడుతోంది. "డాక్టర్‌కు చూపిద్దాం బిడ్డా. ఎవ్వరికి చెప్పకు, మీ అమ్మ బాధపడ్తది. నేనున్న గద, జర కనిపెట్టుకుంటున్న."

ఫోను వెలిగింది. మనోజ పేరు మీద పదకొండు మిస్డ్ కాల్స్. సుసన్న వెనక తలుపు దగ్గరికి పోయి ఫోన్ చేసింది.

"మనోజా, సుసన్నను. సోమవారం పొద్దుగాల వస్తున్న."

"మీ సారు ఫోన్ జేసి, మీకు పానం బాగలేదు, రారు అని చెప్పిండు గద సిస్టర్? పది రోజులాయె."

"ఆయన చెప్పిండు. నేను చెప్పలే."

కాన్పులకు వాడిన పాత స్టీలు ట్రే అటక మీద నుంచి దించింది. నాలుగు వస్తువులూ వరసగా పేర్చింది. వాకిలి తలుపు బార్లా తీసింది. చెప్పులు తొడుక్కుంది. సొంత ఇంట్లో చెప్పులతో హాల్లోకి నడవడం ఆమెకు అదే మొదటిసారి. పారిపోవలసి వస్తే అన్న ఆలోచన కూడా మొదటిసారే.

ట్రే అతని ముందు పెట్టింది. రత్నాకర్ దాన్ని చూశాడు, తెరిచిన తలుపును చూశాడు, ఆమె చెప్పులను చూశాడు. "మల్ల చేస్త బిడ్డా" అంటూ ఫోను దించబోయాడు.

"ఫోన్ పెట్టకుండ్రి," అంది సుసన్న. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. వేలు చాపి స్పీకర్ నొక్కింది. "అంకిత గూడ ఇననీ. లెక్క కుదిరింది. ఇగ చెప్పుండ్రి."

రత్నాకర్ ట్రే వైపు చూస్తూనే మాట్లాడాడు.

"హంపిల నేను దాయలే. అద్దాలు సీటు కింద వడ్డయ్, తెల్లారి దొరికినయ్. ఇద్దామనే జేబుల వెట్టుకున్న. గంతల్నే నువ్వు నవ్వుకుంట, 'మా అమ్మకు గూడ గిట్లనే మొదలైంది, కాలేజీకి పోతనో లేదో' అన్నవ్. గా మాట ఇన్నంక ఇయ్యబుద్ధి గాలే. నేను బస్సు డిపోల కొలువు ఇడిసి రెండేండ్లాయె. పొద్దున నువ్వు గిన్నె మీద మూతవెట్టి పోతే, మల్ల నువ్వొచ్చిందాంక నాతోని మాట్లాడెటోళ్లు లేరు. నువ్వు ఇంట్ల కూసునే దినం కోసం ఎదురుసూసిన. నువ్వేమో ఇంకో కొలువు సూస్కున్నవ్. ప్రతి ఊర్ల పారేద్దామనుకున్న. డిపో స్టోర్ల చేసిన చెయ్యి, పనికొచ్చే సామాను పారెయ్యస్తలేదు. నువ్వు బాగుంటే నాతోని నీకేం పని సుసన్నా? బయపడ్డంకనే నా చెయ్యి వట్టుకున్నవ్. అందుకే ఇంకోటి దాసిన. అది అయినంక ఇంకోటి. పొద్దున కర్నూలు కాడి నుంచి ఈలేస్తుంటే ఇన్నవ్ గద, గప్పుడు గూడ ఇగ ఇంట్ల ముందుగాల ఏది దాయాల్నా అనే ఆలోచన జేస్తున్న."