మోకాలి గుజ్జు

కాజీపల్లి మందుల కంపెనీలో శ్రీలతది వాషింగ్ సెక్షన్. పొద్దంతా గొంతుక్కూర్చుని స్టీలు జల్లెడలు తోమాలి. స్టూలు వేసుకుంటే పని నెమ్మదిస్తుందని సూపర్‌వైజర్ శివశంకర్ వేసుకోనిచ్చేవాడు కాదు. ఎడమ మోకాలు నొప్పి అని ఆమె పదేపదే చెబితే కంపెనీ డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఆ ఫిల్మును శివశంకర్ అన్నాల వేళ అందరి ముందూ ట్యూబులైటుకు ఎత్తిపట్టాడు.

“సూడుండ్రి, బొక్క పాలలెక్క తెల్లగున్నది. నొప్పి మోకాల్ల లేదు, పని జేసుట్ల ఉన్నది.”

అందరూ నవ్వారు. రోజూ ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి తినే బక్కమ్మ కూడా నవ్వింది. శ్రీలత డబ్బా మూత పెట్టేసింది. ఇంట్లో రెండేళ్ల పిల్లను ఎత్తుకుని లేస్తుంటే మోకాలు కలుక్కుమనేది. నొప్పికంటే ముందు ఆ నవ్వే గుర్తొచ్చేది. వాణ్ని అదే చోట, అందరి ముందూ నిలబెట్టాలి. ఇంకేమీ వద్దు.

సంగారెడ్డిలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుందనీ, నడుమ మెత్తగా ఉండే గుజ్జు కనిపించదనీ, అరుగుడు మొదట్లోనే తెలియాలంటే ఎమ్మారై తీయాలనీ డాక్టరమ్మ చెప్పింది.

స్కానింగ్ నాడు అత్త సోమమ్మ వెంట వచ్చింది. ఒంటిమీద లోహం ఉండకూడదన్నా పుస్తెలు తీయనివ్వలేదు. చివరికి పసుపుకొమ్ము దారానికి కట్టి కోడలి మెడలో వేశాకే, పుస్తెలు తీయించి తన కొంగున ముడేసుకుంది. మెట్టెలు సబ్బు రాస్తేగాని ఊడలేదు.

దడదడమనే ఆ గొట్టంలో కదలకుండా పడుకుని శ్రీలత దేవుడికి మొక్కుకుంది. రోగం లేదని తేలాలని కాదు, ఉందని తేలాలని. రేపు పిల్లనెవరు ఎత్తుకుంటారన్న భయం పోలేదు. అయినా అరిగే ఉండాలి, అరిగే ఉండాలి అనుకుంది.

అరిగింది. ఇంకా మొదట్లోనే ఉంది, కింద కూర్చోవడం మానేసి, తొడల బలానికి వ్యాయామం చేస్తే ఎక్కువ కాకుండా కాపాడుకోవచ్చు అంది డాక్టరమ్మ. శ్రీలత ముఖంలో సంతోషం చూసి, చెప్పింది అర్థమైందా అని మళ్లీ అడిగింది.

డాక్టరమ్మ రాసిచ్చింది చూసి మేనేజరు బద్రీనాథ్ లేబుళ్ల దగ్గర కుర్చీలో పని ఇస్తానన్నాడు. శివశంకర్ అన్నాల వేళ అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలని, లేకుంటే లేబర్ ఆఫీసుకు పోతానని ఆమె పట్టుబట్టింది.

మరునాడు శివశంకర్ వచ్చి నేల చూస్తూ, “ఆమెకు నిజంగనే నొప్పున్నదట. నేను తప్పు మాట్లాడిన,” అని గబగబా అనేసి వెనక్కి తిరిగాడు. ఇన్నాళ్లు కడుపులో పెంచుకున్నదానికి ఆ రెండు ముక్కలు ఏ మూలకూ రాలేదు.

“ఆగుండ్రి సార్,” అంది శ్రీలత. తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగింది. “గోడ పట్టుకుంటెనే లేసేటోళ్లు చేతులెత్తుండ్రి.”

అందరూ డబ్బాల్లోకి తలలు వంచారు.

“ఎత్తు బక్కమ్మా. నువ్వు నవ్విన నాడు గూడ గోడ పట్టుకునే లేసినవ్. నేను సూసిన.”

బక్కమ్మ ఎంగిలి చెయ్యి మెల్లగా లేచింది. ఆమె వెనక ఇంకొకటి, అటుపక్క రెండు. ఆ తర్వాత వరసంతా లేచింది.

“వీళ్లందరి మోకాళ్లకు గూడ ఎమ్మారై తీపిస్త సార్. ఒక్కొక్కళ్లను నేనే తోల్కపోత.”

శివశంకర్ ముఖం పాలిపోయింది. ఆ ముఖాన్ని శ్రీలత తీరుబడిగా, కడుపు నిండేదాకా చూసింది.