పడటం నేర్చిన తూకమ్మ

తూకమ్మ పెట్టెను రెండు చేతుల్లోకి తీసుకుని, కడుపుకు ఆనించుకుని, నిద్రపోయిన పసిపిల్లను పక్క మీదికి చేర్చినట్టు తూకంబల్ల మీద దించింది. ముల్లు ఊగి నిలిచింది. బరువు చీటీ మీద రాసి, పెట్టె నెత్తిన ఎర్ర కాగితం ఒకటి అంటించింది. 'పగులును. కింద పడవేయరాదు.' అంటించాక నాలుగు మూలలనూ బొటనవేలితో అద్దింది. అద్దకపోయినా ఆ కాగితం ఊడదు. అద్దకపోతే ఈమె మనసు ఊరుకోదు.

"గాజు బొమ్మమ్మా. మా మనవరాలికి," అన్నాడు కౌంటరుకు అవతలి ముసలాయన. "పగలదు కదా?"

"మా చేతిలో ఉన్నంతసేపూ పగలదు తాతా. ఆ తర్వాత మీ మనవరాలి దయ."

ముసలాయన నవ్వుకుంటూ వెళ్ళాడు. తూకమ్మ తర్వాతి మూట అందుకుంది.

పార్సిలాఫీసులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బల్ల దగ్గర ఉంటుంది కాబట్టి తూకమ్మ. పైగా మనిషి కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉండేది: గుండ్రటి భుజాలు, మోచేతుల దగ్గర సొట్టలు, రెండు మడతల గడ్డం. కుర్చీలోంచి లేచేటప్పుడు కుర్చీ కూడా వెంట లేవబోయి, మనసు మార్చుకుని కింద కూర్చునేది. "తూకమ్మా, ఒక్కసారి నువ్వెక్కు బల్ల, ముల్లు ఎక్కడిదాకా పారిపోతుందో చూద్దాం," అని మూటలాయన ఏడిపించేవాడు. సంచులను బండిలోకి ఎక్కించే మనిషి అతను. ఆ మాటకు అందరికంటే ముందు తూకమ్మే నవ్వేది. ముందే నవ్వేస్తే ఎదుటివాళ్ళ నవ్వు అంతగా గుచ్చుకోదని చిన్నప్పుడే కనిపెట్టింది.

ఇన్నేళ్ళలో ఆమె చేతిలోంచి ఒక్క మూటా జారలేదు. ఈ సంగతి ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. పడేస్తే నాలుగు మాటలంటారు కానీ, పడెయ్యకపోతే ఎవరంటారు?

ఒకప్పుడు ఈ ఆఫీసు మెట్ల మీదే ఆమె అక్క కూర్చునేది. జనం తెచ్చిన సామాన్లను తెల్లటి ముతక గుడ్డలో చుట్టి, దబ్బనంతో బిగించి కుట్టి ఇచ్చేది. తల్లి పోయేనాటికి తూకమ్మకు ఇంకా నడక సరిగ్గా రాలేదు. చంకలో చెల్లెలు, ఒళ్ళో మూట, చేతిలో దబ్బనం. అక్క పడుచుదనమంతా అలాగే గడిచింది. "దించవే ఆ పిల్లని, నడుం పడిపోతుంది," అని అందరూ అంటుంటే, "ఇదీ ఒక బరువేనా?" అనేది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, "ముందు దీన్నొక దారిలో పెట్టనీ," అనేది. ఆ దారి మెట్లెక్కి పార్సిలాఫీసు కౌంటరు దాకా వచ్చేసరికి అక్క జుట్టు నెరిసిపోయింది.

అలాంటి అక్కకు కిడ్నీలు రెండూ చెడ్డాయి. వారంలో సగం రోజులు ఆస్పత్రిలో మిషన్‌కు కట్టేస్తారు. మిగతా సగం ఆ అలసట తీరడానికే చాలదు. మంచినీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగాలి. "నాది తీసి పెట్టండి," అంది తూకమ్మ డాక్టరమ్మతో, బజారుకెళ్ళొస్తానన్నంత తేలిగ్గా. అక్క మంచం మీంచే మండిపడింది. "నిన్ను పెంచింది కోసుకు తినడానికా?" అంది. అయినా పరీక్షలు జరిగాయి. కిడ్నీ సరిపోయింది. డాక్టరమ్మ మాత్రం తూకమ్మను పైనుంచి కిందిదాకా చూసి, "ఈ ఒంటితో కొయ్యను. మీ ప్రాణానికే ముప్పు. తగ్గి రండి," అంది.

తగ్గి రండి! ఎంత చిన్న మాట! తూకమ్మ నోరు కట్టుకుంది. కౌంటరు దగ్గర కళ్ళు తిరిగి బల్ల పట్టుకుని నిలబడింది. పొద్దున్నే నడిచింది. మోకాళ్ళు వాచి ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. వ్యాయామశాలకు వెళ్తే, అక్కడి ఇనప యంత్రాలు, వాటికి వేలాడే తీగలు, వరసగా కుర్చీలు చూసి అక్కను కట్టేసే గది గుర్తొచ్చి గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

ఆఫీసుకు ఎదురుగా ఒక పాత గిడ్డంగి ఉంది. కింద బాక్సింగ్, మధ్య అంతస్తులో కరాటే, పైన జూడో నేర్పుతారు. సాయంత్రమైతే అందులోంచి అరుపులు, దబదబలు వినిపిస్తాయి. "కొట్లాట నేర్చుకుంటే ఒళ్ళు తగ్గుతుందట," అన్నాడు మూటలాయన, ఏడిపించడానికే. తూకమ్మ ఆ మాట పట్టుకుంది. మునిగేవాడికి గడ్డిపోచ చాలు.

బాక్సింగ్‌లో వేలాడే సంచిని గుద్దమన్నారు. గుద్దింది. సంచి ఊగింది. "అయ్యో!" అంటూ రెండు చేతులా వాటేసుకుని ఆపింది. మళ్ళీ గుద్దమంటే మళ్ళీ అదే. నేర్పేవాడు తల పట్టుకున్నాడు. కరాటేలో అరుస్తూ తన్నమన్నారు. అరుపు గొంతు దాటలేదు, కాలు మోకాలి ఎత్తు దాటలేదు, పైజామా కుట్టు మాత్రం పర్రుమంది. ఇంటికెళ్ళి చెప్తే అక్క, "ఎవడే ఆ కుట్టు వేసింది? ముందు వాణ్ణి తన్నాల్సింది," అంది.

పై అంతస్తులో నేర్పేది ఒక ముసలావిడ. పిడికెడు మనిషి. తెల్లజుట్టు కత్తిరించుకుని, చాప మీద వట్టికాళ్ళతో నిలబడి ఉంది. వచ్చిన పని విని, "సరే. ముందు పడటం నేర్పుతాను," అంది.

తూకమ్మకు ఎక్కడ లేని ఉక్రోషం వచ్చింది. "నాకు కొత్తగా పడటం నేర్పేదేముంది టీచరమ్మా? పుట్టినప్పటినుంచీ పడుతూనే ఉన్నా. కష్టపడ్డా. మాటపడ్డా. ఒళ్ళు చూసుకుని సిగ్గుపడ్డా. ఇప్పుడు అక్క ఏమైపోతుందోనని రాత్రింబగళ్ళు భయపడుతున్నా. ఇంకా ఏం పడమంటారు?"

టీచరమ్మ నవ్వలేదు, జాలీ పడలేదు. "అన్నీ చెప్పి ఒకటి వదిలేశావు. నిలబడటం. అందులోనూ ఉన్నది పడటమే," అంది. అని, ఉన్న చోటనే వెనక్కి పడిపోయింది. ఆ వయసులో, ఆ ఎముకలతో! తూకమ్మ కెవ్వుమంది. టీచరమ్మ చెయ్యి చాపను 'ఫట్'మని కొట్టింది, ఆవిడ తల నేల తాకనే లేదు, మరుక్షణం లేచి నిలబడి జుట్టు వెనక్కి తోసుకుంటోంది.

"గడ్డం గుండెకు ఆనించు. నడికట్టు ముడిని చూడు. నేలను చెయ్యి కొట్టాలి, తల కాదు. అంతే."

తూకమ్మ వయసొచ్చినప్పటినుంచీ పడవేయరాదని కాగితాలు అంటిస్తూ బతికిన మనిషి. పడితే పగలడం ఒక్కటే ఆమెకు తెలుసు. పడి, పగలకుండా లేవడం అనేది ఒకటి లోకంలో ఉందా! మెట్లు దిగుతూ మధ్యలో ఆగి పైకి చూసింది. ఏదో పెద్ద సంగతి కళ్ళారా చూసినట్టుంది ఆమెకు.

సంగతంతా విని అక్క పకపకా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి ఎన్నాళ్ళో అయింది. జూడో చొక్కా తూకమ్మ కొలతలో ఎక్కడా దొరకలేదు. అక్క మంచం కిందనుంచి పార్సిలు గుడ్డ తీసింది. రెండు పొరలు వేసి, దబ్బనంతో తానే కుట్టింది. "మూట కుట్టినట్టు కుట్టా. ఇక చిరగదు. వెనకాల మీ ఎర్ర కాగితం కూడా ఒకటి అంటించుకో."

"అక్కడ ఆ కాగితం చెల్లదే అక్కా," అంది తూకమ్మ. ఇద్దరూ మళ్ళీ నవ్వారు.

అప్పటినుంచి ఇంట్లో వేరే తూకం అవసరం లేకపోయింది. తూకమ్మ సాయంత్రాలు పడింది, లేచింది, పడింది. చొక్కా వదులయినప్పుడల్లా అక్క ఆ చంక కింద, ఈ చంక కింద కుట్టు విప్పి, వేలెడు లోపలికి జరిపి మళ్ళీ కుట్టేది. మొదట్లో కిడ్నీ వద్దు వద్దని పోట్లాడిన మనిషి, కుట్టు లోపలికి వచ్చేకొద్దీ ఆ మాటే ఎత్తడం మానేసింది. ఒకటి రెండుసార్లు, "బాగయ్యాక మళ్ళీ మెట్ల మీద కూర్చోవాలే," అని కూడా అంది. తూకమ్మ ఆ మాటను ఎవరికీ చూపించకుండా దాచుకుంది.

ఇవాళ పొద్దున కూడా అక్క చొక్కా పక్కలు పట్టి లాగి చూసింది. చేతులు ఎండిన పుల్లల్లా ఉన్నాయి గానీ పట్టు తగ్గలేదు. "చూడు, ఇందులో ఇంకో పిల్ల పడుతుంది. విప్పి ఇచ్చి పో. సాయంత్రానికి బిగిస్తా."

"మరి నేనేం వేసుకోను?"

"అక్కడ పాతవి ఉంటాయన్నావుగా. ఒక్క పూటకి సర్దుకో. వచ్చే వారం డాక్టరమ్మ ముందు లూజు చొక్కాతో నిలబడతావా ఏంటి?"

"డాక్టరమ్మ దగ్గరికి జూడో చొక్కాతో ఎవరు వెళ్తారే?"

"నువ్వెళ్తావు. నా కుట్టు చూసైనా కాదనదు," అంది అక్క. దబ్బనంలోకి దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కించి, చూశావా అన్నట్టు కళ్ళెగరేసింది.

కౌంటరు మూశాక తూకమ్మ వీధి దాటి గిడ్డంగి మెట్లెక్కింది. మొదట్లో ఈ మెట్ల మీద మూడుచోట్ల ఆగేది. ఇవాళ ఆగలేదన్న సంగతి పైకొచ్చాక తట్టింది. కొక్కేనికి వేలాడుతున్న పాత చొక్కా తీసుకుంది. మొదటి రోజున రెండు అంచులూ బొడ్డు దగ్గర ముఖముఖాలు చూసుకోలేకపోయిన చొక్కా అది. ఇవాళ ఒకదాని మీదికి ఒకటి వచ్చి, ముడి పడ్డాక కూడా నడికట్టు కొసలు మిగిలి వేలాడాయి. తూకమ్మ వాటిని చేత్తో తడిమి చూసుకుంది. ఇది నా ఒళ్ళేనా!

"ఇవాళ నిన్ను నేను వేస్తాను," అంది టీచరమ్మ.

ఇన్నాళ్ళూ గొంతుక్కూర్చుని, వంగి, నిలబడి తనంతట తానే పడింది. ఒకరు ఎత్తి పడేసింది లేదు. "నన్నా? మీరా? వద్దు టీచరమ్మా, మీ నడుం పడిపోతుంది!"

ఆ మాట పూర్తయ్యేలోపలే టీచరమ్మ ఆమె చేయి పట్టి గిర్రున తిరిగి, తన తుంటిని ఆమె పొట్ట కిందికి తెచ్చింది. తూకమ్మ పాదాలు చాపను వదిలేశాయి. గాలిలో ఉన్నది రెప్పపాటే. ఆ రెప్పపాటులో ఆమెకు పట్టరాని ఆశ్చర్యం కలిగింది. తనను ఒకరు ఎత్తారు! అక్క చంక దిగినప్పటినుంచి ఇప్పటిదాకా ఈ భూమ్మీద ఎవరూ తనను ఎత్తలేదు. కిటికీ తిరిగింది, కప్పు తిరిగింది, గడ్డం దానంతటదే గుండెకు ఆనింది, చెయ్యి దానంతటదే వెళ్ళి 'ఫట్'మని చాపను కొట్టింది.

వెల్లకిలా పడి కప్పు చూస్తూ ఉండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

"దెబ్బ తగిలిందా?" టీచరమ్మ వంగి చూసింది.

"లేదు టీచరమ్మా. నాకేం తగల్లేదు," అంది తూకమ్మ. ఆ మాట తన నోట రావడం ఆమెకే వింతగా ఉంది.

ఇంటిదాకా దాదాపు పరుగే. ఎలా మొదలుపెట్టాలా అని దారంతా మాటలు కూర్చుకుంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క మంచం మీద గోడకు జారగిలబడి, ఒళ్ళో చొక్కాతో, గడ్డం గుండెకు ఆనించుకుని ఉంది. పని మధ్యలో కునుకు తీయడం ఆమెకు మామూలే.

"అక్కా, లే. ఇవాళ నన్ను ఎత్తి పడేశారే!" చెప్పులు విప్పుతూ మొదలుపెట్టింది. "ఆ పిడికెడు మనిషి! నీలాగే ఎత్తింది. నేనేమో నడుం పడిపోతుందని మొత్తుకుంటున్నా..." దీపం వేసింది. చేతిసంచి మేకుకు తగిలించింది. "గాల్లో ఏం గుర్తొచ్చిందో చెప్పనా?" అంటూ దగ్గరికొచ్చి అక్క చేతి మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి చల్లగా ఉంది. మళ్ళీ ముట్టుకుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పెట్టిన వేలు అలాగే చాలాసేపు ఉంచింది.

తూకమ్మ మోకాళ్ళు ఆమెకు చెప్పకుండానే వెళ్ళిపోయాయి. వెనకాల గచ్చు నేల, ఇనప పెట్టె అంచు ఉన్నాయి. మనసుకు ఏమీ తెలియలేదు గానీ ఒంటికి తెలిసింది. గడ్డం గుండెకు ఆనింది. చెయ్యి వెళ్ళి నేలను కొట్టింది. ఇల్లంతా మోగింది. తల మాత్రం నేల తాకలేదు.

గోడ అవతలినుంచి పక్కింటి పిన్ని గొంతు వినిపించింది. "ఏం పడిందే అక్కడ?"

"నేనే పిన్నీ," అంది తూకమ్మ. కప్పు వైపు చూస్తోంది. "నాకేం దెబ్బ తగల్లేదు." నేల మీది చెయ్యి తీసి గుండె మీద పెట్టుకుంది. "అక్క పోయింది పిన్నీ."

పిన్ని వచ్చేలోగా ఒక పక్కకు ఒత్తిగిలి, మోకాలు మోపి, తూకమ్మ లేచి నిలబడింది. అక్క వేళ్ళను ఒక్కొక్కటిగా చొక్కా మీదనుంచి తీసి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తేలిగ్గా ఉంది. చొక్కా ఒక పక్క పూర్తయి, దారం కొస కొరికేసి ఉంది. రెండో పక్క చంక కింద కుట్టు సగం దాకా వచ్చి ఆగింది, దబ్బనం ఇంకా గుడ్డలోనే దిగి ఉంది, దాని బెజ్జంలో బోలెడు దారం మిగిలే ఉంది.