చుక్క నీరు కారని పడవ

ఆ వడ్రంగి బిగించిన తలుపు సందులో కాగితం కూడా దూరదని వీధిలో అందరూ చెప్పుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. గొప్పలు చెప్పుకునే మనిషి కాడు గానీ, ఎవరైనా తలుపు రెక్కను వేలితో నెట్టి, అది చప్పుడు లేకుండా ఒదిగిపోతుంటే "ఆహా" అన్నారంటే, పక్కకు తిరిగి తనలో తనే నవ్వుకునేవాడు.

అతని తోడల్లుడికి కళ్లద్దాల దుకాణం ఉంది. ఎండైనా వానైనా తెల్ల టోపీ తీయడు కనుక ఊరంతా అతన్ని కెప్టెన్ అనేది. వయసులో ఉండగా ఎవరివో పడవలు నడిపానని చెప్పేవాడు. ఎవరూ నమ్మేవారు కాదు. అలాంటివాడు ఒకరోజు ఏకంగా తెరచాప పడవే కొన్నాడు. రేవు గోడౌన్ వెనక, దిమ్మల మీద, ఏళ్ల తరబడి ఎండిపోయి పడున్న చెక్క పడవ అది. దాని పక్కన నిలబడి వడ్రంగి భుజం మీద చెయ్యేశాడు.

"తమ్ముడూ, దీన్ని మళ్లీ నీళ్లలోకి దింపాలి. నీ వల్లవుతుందా, పోనీ బయటివాళ్లనెవర్నయినా చూసుకోనా?"

ఆ మాట చివర ఒక చిన్న నవ్వు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ నవ్వు వడ్రంగికి గోట్లో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చి చెబితే భార్య అంది, "బావ అడగక అడగక మిమ్మల్నొకటి అడిగాడు. కాదనకండి."

కాదనలేదు. ముందు రంగు గోకాడు. నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద తెలుపు. పుచ్చిన పలకలు పీకి కొత్తవి వేశాడు. పలకకీ పలకకీ మధ్య పాతవాళ్లు సందు వదిలి, అందులో తారులో ముంచిన పీచు కూరారు. కొక్కెంతో లాగితే మురికి జడల్లా ఊడి వచ్చింది.

"సందులొదిలి పీచు కూరడమా! చేతకాకపోతే పని మానెయ్యాలి," అని విసుక్కున్నాడు.

ప్రతి సందుకీ సన్నని చెక్క బద్ద కోసి, జిగురు రాసి, సుత్తితో దిగ్గొట్టి, చిత్రిక పట్టాడు. పని పూర్తయ్యాక కళ్లు మూసుకుని పడవ ఒంటిని అరచేత్తో తడిమి చూశాడు. అతుకు ఎక్కడుందో అతనికే తెలియలేదు. పైన మళ్లీ నీలం రంగే వేశాడు.

పడవను దింపిన రోజు సాయంత్రందాకా అందులోనే కూర్చున్నాడు. లోపలికి చుక్క నీరు రాలేదు. ఆ వారమే కెప్టెన్ చుట్టాలందర్నీ ఇంటికి పిలిచి, నిండు హాల్లో వడ్రంగిని పక్కన నిలబెట్టుకున్నాడు. "ఇది మా తమ్ముడి చేతి పని. ఇలాంటి పనివాడు మన ఇంట్లో ఉండగా ఇన్నాళ్లూ గుర్తించలేదు నేను." నవ్వు లేదు ఆ మాటలో. కాఫీల పళ్లెంతో వంటగది గుమ్మంలో నిలబడ్డ వడ్రంగి భార్య ముఖం వెలిగిపోయింది. ఆమెను అలా చూసి ఎంత కాలమైందో!

మర్నాడు చుక్కాని మేకు సరిచేద్దామని వెళ్లాడు. పడవ కుదురుగా ఉంది. నీళ్లు కదలడం లేదు. అడుగు నుంచి చప్పుడొచ్చింది.

టక్.

ఎవరో వేలు విరిచినట్టుంది. కొత్తగా నీళ్లు తగిలాయి, కొయ్య సర్దుకుంటోంది అనుకున్నాడు. తరవాతి రోజు ఇంకోటి. ఆపైన పొద్దున్నే వెళ్లి చెవి ఆనించి కూర్చోవడం అలవాటైపోయింది. చూడవచ్చిన వాళ్లందరికీ కెప్టెన్ అడుగున చెయ్యి పెట్టించి చూపిస్తున్నాడు. "చూశారా, నా జేబు కన్నా పొడిగా ఉంది!" వాళ్లు మెచ్చుకుంటున్న కొద్దీ వడ్రంగి చెవి పడవ అడుగు వైపే ఉండేది. కారుతుంటే ఎక్కడ కారుతోందో వెతకొచ్చు. ఎక్కడా కారని పడవలో ఏమని వెతకాలి?

అందరూ కలిసి షికారు వెళ్లాలనుకున్న రోజుకి ముందు రోజు పొద్దున, పడవ లోపల కాళ్లు పెట్టుకునే పలకలు ఎత్తబోయాడు. వదులుగా అమర్చినవే, ఇప్పుడు కదలనని మొండికేశాయి. ఉలి దూర్చి పెకలించాడు.

పడవకి పక్కటెముకల్లా ఉండే వంపు కొయ్యల్లో ఒకటి, సరిగ్గా వంపు దగ్గర చిట్లి ఉంది. వెంట్రుకంత గీత. దాని పక్కదీ అంతే. ఆ పక్కదాన్నుంచి మరలు సగం ఊడి బయటికి వచ్చాయి.

వడ్రంగికి అప్పుడు అర్థమైంది. ఎండిన కొయ్య నీళ్లు తాగి ఉబ్బుతోంది. ఉబ్బడానికి చోటు లేదు. చోటంతా తనే చెక్క బద్దలు దిగ్గొట్టి మూసేశాడు. పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, ఎముకల్ని ఒక్కొక్కటిగా విరుస్తున్నాయి.

తిన్నగా కళ్లద్దాల దుకాణానికి వెళ్లాడు. కెప్టెన్ ఎవరికో అద్దాలు సరిచేస్తూ పడవ సంగతే చెబుతున్నాడు.

"అన్నయ్యా, ఒక్క మాట."

"చెప్పు తమ్ముడూ."

"రేపు... గాలి ఎక్కువుంటుందేమో."

"ఉండాలి మరి! గాలి లేకపోతే తెరచాపెందుకు, దుప్పటి కుట్టించుకోనా?"

వచ్చినాయన పగలబడి నవ్వాడు. వడ్రంగీ నవ్వాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి ఇంటికి నడిచాడు. ఎంతసేపు తిరుగుతారు గనక, ఒడ్డు పక్కనే ఒక చుట్టు తిరిగి వచ్చేస్తారు, తనూ ఉంటాడుగా, వచ్చాక నిదానంగా చెప్పొచ్చు, అని దారంతా తనకి తనే నచ్చజెప్పుకున్నాడు.

పొద్దున్నే నలుగురూ ఎక్కారు. అక్కచెల్లెళ్లిద్దరూ క్యారేజీ మధ్యలో పెట్టుకుని, చిన్నపిల్లల్లా ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. తెరచాప గాలి పట్టగానే పడవ ఒక పక్కకి ఒరిగింది. కెప్టెన్ కేక పెట్టాడు. ఒడ్డు చూస్తుండగానే చిన్నదైపోయింది.

టక్. టక్.

"అన్నయ్యా, ఇంక చాలు. తిప్పేద్దాం."

"ఇప్పుడేగా వచ్చాం!"

"తిప్పండి అన్నయ్యా."

"నీళ్లంటే భయమా ఏంటి? చుక్కైనా రాలేదు చూడు."

భార్య మాట్లాడటం ఆపేసింది. భర్త వంక చూసి, అతను ఏం చూస్తున్నాడో చూసింది. అతని రెండు చేతులూ పడవ పక్కను అదిమి పట్టి ఉన్నాయి.

"బావా, వెనక్కి తిప్పు," అంది. "ఆయన ముఖం చూడు."

కెప్టెన్ చుక్కాని తిప్పబోయాడు. అంతలో ఎవరో తలుపును కాలితో తన్నినట్టు పెద్ద చప్పుడు. ఒక పలక బయటికి పెళ్లగిలింది. నీళ్లు ఎగదన్నాయి.

వడ్రంగి ఆ సందుకి వీపు ఆనించి, రెండు కాళ్లూ ఎదుటి బల్లకి తన్ని కూర్చున్నాడు. భార్య క్యారేజీ గిన్నెలోది విసిరేసి నీళ్లు తోడటం మొదలుపెట్టింది. అక్క మొదట బిగుసుకుపోయింది. తరవాత మొగుడి నెత్తి మీద టోపీ లాక్కుని దాంతోనే తోడింది. కెప్టెన్ తెరచాప తాడు వదులు చేసి, దూరంగా కనబడుతున్న బురద మేట వైపు చుక్కాని పట్టాడు. గాలికి తగ్గట్టు పడవను ఒడుపుగా మళ్లించాడు. పడవలు నడిపానన్న మాట నిజమేనని అప్పుడు తెలిసింది. పడవ ఎముకలు ఒక్కొక్కటీ వీపు కిందే విరుగుతుంటే, వడ్రంగి ఆ దెబ్బ తన పక్కల్లో తగిలినట్టు కళ్లు మూసుకున్నాడు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి.

పడవ బురదలో గుచ్చుకుని ఆగింది.

మోకాలిలోతు బురదలోకి దిగి నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. కెప్టెన్ వడ్రంగిని కావలించుకున్నాడు. "నువ్వు అడ్డం కూర్చోకపోతే మేం ఉండేవాళ్లం కాదు తమ్ముడూ. పాత కొయ్య, నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

అతని భుజం మీదుగా వడ్రంగికి తన భార్య కళ్లు కనిపించాయి.

"మీకు ముందే తెలుసా?" అంది ఆమె.

లేదనొచ్చు. అన్నా ఎవరూ కాదనరు.

"తెలుసు."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున."

కెప్టెన్ చేతులు మెల్లగా జారిపోయాయి. పడవ వైపు తిరిగాడు. ఆమె మాత్రం గిన్నె పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"నిన్న సాయంత్రం నా పక్కన కూర్చుని, నీలం చీర కట్టుకో, పడవ రంగుకి బాగుంటుంది అన్నారు," అంది.



వలల వాళ్ల పడవ ఒకటి చూసి వచ్చింది. ఆమె ఎక్కి అక్క పక్కన ఒదిగి కూర్చుంది. "త్వరగా ఎక్కవయ్యా, నీళ్లు పెరుగుతున్నాయి," అని వాళ్లు కేకేసేదాకా వడ్రంగి కదల్లేదు. ఒడ్డు చేరాక దిగేటప్పుడు చెయ్యి అందించాడు. ఆమె దాన్ని చూసి కూడా, అక్క భుజం పట్టుకుని దిగింది. ఆ ముగ్గురూ కెప్టెన్ ఇంటి దారి పట్టారు.

ఇంటి తాళంచెవి ఆమె కొంగుకే ఉండిపోయింది. వడ్రంగి తడిబట్టలతోనే గుమ్మం ముందు కూర్చున్నాడు. దారినపోయేవాళ్లు పడవ షికారు ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాడు. వీధి దీపాలు వెలిగినా ఆమె రాలేదు.