పోయేవాడి జామీను

బట్టలు కుట్టే మామయ్యకు కళ్ళు మొరాయించాయి. నల్ల గుడ్డ మీద నల్ల దారం సంగతి సరే, తెల్ల చొక్కాకు కూడా బొత్తాములు వీపు వైపు కుట్టి ఒక పెళ్ళికొడుకు చేత చీవాట్లు తిన్నాడు. ఇక చాలనిపించింది. కొట్టు అద్దె హక్కు గొడుగులాయనకు అప్పగించి, ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకోవాలి. ఆయన కోరికల్లా అదే.

గొడుగులాయన సిద్ధంగానే ఉన్నాడు. అడ్డమల్లా మేడ మీదుండే ఇంటావిడ. కొట్టు ఆమెది. ఆమె ఊఁ అననిదే అద్దె చేతులు మారకూడదని ఒప్పందం. మామయ్య మెట్లెక్కి అడిగినప్పుడల్లా ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, చూద్దాంలే అనేది. ఆ తుడవడం చూస్తే, అద్దాలు అరిగి మాయమయ్యేదాకా తెమిలేలా లేదు.

చివరికి ఒక ప్లీడరు, కారణం చెప్పకుండా కాదనే హక్కు ఆవిడకు లేదని తేల్చాడు. మామయ్య ఆ మాటను పుక్కిట నీళ్ళలా పట్టుకుని, దారిలో ఎవరు పలకరించినా నోరు విప్పకుండా వచ్చి, ఆవిడ ముందు ఒలకబోశాడు.

"కారణం ఉంది నాయనా," అంది ఇంటావిడ. "పోయేవాడు వచ్చేవాడికి జామీను ఉండాలి. ఈ కొట్టుకు మొదట్నించీ అదే పద్ధతి. నీకు ముందు ఇక్కడ చెప్పులు కుట్టినాయన నీకు జామీను ఉన్నాడుగా."

"ఆయన పోయి ఎన్నాళ్ళో అయింది కదమ్మా."

"పోయాడని నీకెవరు చెప్పారు?"

పాడె మోసినవాళ్ళలో తానూ ఒకడు. ఆ మాటే అనబోయి మామయ్య ఆగిపోయాడు. రోజూ మధ్యాహ్నం కొట్టు తలుపులు సగం మూసి నడుం వాలిస్తే, గోడలోంచి టకటకమని సుత్తి చప్పుడు వినిపించేది. పక్క కొట్టులోంచి కాబోలని సర్దుకునేవాడు. పక్కది పరుపుల కొట్టు. పరుపులను ఎవరూ సుత్తితో కొట్టరని ఆయనకు తెలియక కాదు.

అయినా పడుకోవాలన్న ఆశ ముందు భయం ఏపాటిది? జామీను ఉంటానన్నాడు.

ఇంటావిడ కర్ర పట్టుకుని కిందికి దిగింది. మామయ్యను ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి గడపలో నిలబడమంది. గొడుగులాయన వీధిలో నిలబడి ఇదంతా వేడుకలా చూస్తున్నాడు. లోపల సుత్తి తన పని తాను చేసుకుపోతోంది.

"ఈయన కొట్టులో ఉన్నంతకాలం నేనూ ఉంటాను, అను."

మామయ్య అన్నాడు. సుత్తి ఆగింది. దాన్ని నేల మీద పెట్టిన చప్పుడు, లేస్తూ ఎవరో మూలిగిన చప్పుడు వినిపించాయి. తర్వాత తోలు వాసన ఒకటి మామయ్య భుజాన్ని ఒరుసుకుంటూ బయటికి నడిచింది. ఇంటావిడ వీధి మలుపు వైపు చూస్తూ, "వెళ్ళిరా నాయనా, చాలా కష్టపడ్డావు," అంది. ఆ మాట తనతో కాదని మామయ్యకు తెలిసిపోయింది.

కుట్టు మిషనును పాత ఇనుము వాళ్ళకు అమ్మేసి ఇంటికి చేరాడు. మర్నాడు మధ్యాహ్నం మంచం మీద వాలాడో లేదో, పాదాలు రెండూ పైకీ కిందికీ ఆడడం మొదలుపెట్టాయి. మోకాళ్ళు పట్టుకున్నాడు. మడమలు ఆగలేదు.

"ఏమండీ, ఎవరికి కుడుతున్నారు?" అంది భార్య. ఆమె నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ కాళ్ళతోనే మామయ్య కొట్టుకు పరిగెత్తాడు. కళ్ళు చెదిరే ఎండ. కొట్టు ముందు మాత్రం జనం.

"రా మామయ్యా," అన్నాడు గొడుగులాయన. "నీ మిషను ఎక్కడ దాచావో గానీ, ఇందాకటినుంచి ఒకటే తొక్కుడు. బయటికి అచ్చం వాన పడుతున్నట్టే ఉందట. గొడుగులు నిలవట్లేదనుకో."

"నీకు ఇబ్బందైతే కొట్టు ఇంకెవరికైనా అప్పగించేయరాదూ? నేను చూసిపెడతాను."

"అప్పగించడమా? నా తర్వాత మావాడు, వాడి తర్వాత వాడి పిల్లలు. ఇలాంటి కొట్టును వదులుకుంటానా?"

లోపల తొక్కుడు జోరందుకుంది, దాంతోపాటే మామయ్య మడమలూ. దారిన పోతున్న ఒకావిడ ఆగి, చెవి ఒగ్గి విని, ఎండలోకి అరచెయ్యి చాపి చూసుకుంది. ఆ పైన లోపలికొచ్చి ఒక గొడుగు కొనుక్కుంది.